పావు పశువు కొనేముందు

అమెరికాలో పశువుల రైతుకు ఫోన్ చేసి "పౌండు ఎంత?" అంటే ఠక్కున ఒక అంకె చెబుతాడు. అది విని కాస్ట్‌కో ధరతో పోల్చుకుని సంబరపడిపోకండి, పెదవీ విరవకండి. ముందు ఇంకో మాట అడగాలి: "ఏ పౌండు?" పశువు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నప్పటి పౌండా, తోలు ఒలిచి కొక్కేనికి వేలాడదీసినప్పటి పౌండా, కోసి పొట్లం కట్టి మన చేతిలో పెట్టే పౌండా? మూడూ పౌండ్లే. కానీ మొదటిదాని నుంచి మూడోదానికి వచ్చేసరికి సగానికి పైగా బరువు తరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 1,200 పౌండ్లు, అంటే దాదాపు 545 కిలోలు తూగే పశువును కోశారనుకోండి. తల, తోలు, గిట్టలు, పేగులు, రక్తం పోగా కొక్కేనికి వేలాడేది సుమారు 60 శాతం, 720 పౌండ్లు. దీన్నే హ్యాంగింగ్ వెయిట్ అంటారు. దాణాతో బలిసిన పశువైతే ఇది 62, 63 శాతం దాకా పోతుంది. గడ్డి మీదే పెరిగిందైతే 60కి లోపే ఆగిపోవచ్చు. చల్లటి గదిలో వేలాడినన్నాళ్ళూ నీరు ఆరి బరువు ఇంకాస్త తగ్గుతుంది. కోసేటప్పుడు కొన్ని ఎముకలు, పైపై కొవ్వు పక్కకు పోతాయి. చివరికి పొట్లాల్లోకి చేరేది హ్యాంగింగ్ వెయిట్‌లో 65 శాతం దాకా ఉంటుంది: 468 పౌండ్లు. అందులో మీ పావు వాటా 117 పౌండ్లు, మన లెక్కలో 53 కిలోలు.

ఎక్కువమంది రైతులు ధర చెప్పేది హ్యాంగింగ్ వెయిట్ మీదే. దానికి తోడు ఇంకో రెండు ఖర్చులుంటాయి. కోసినందుకు పశువుకింత అని ఒకటి, ముక్కలు చేసి చుట్టినందుకు పౌండుకింత అని ఇంకొకటి. హ్యాంగింగ్ పౌండుకు 5 డాలర్లు అన్నాడనుకోండి. మీ పావు 180 పౌండ్లకు 900 డాలర్లు. కోత ఖర్చు పశువుకు 100 అయితే మీ వంతు 25. కటింగ్, ప్యాకింగ్ పౌండుకు 1.20 చొప్పున 216. మొత్తం 1,141 డాలర్లు. దీన్ని 180తో కాదు, ఇంటికొచ్చిన 117తో భాగించండి. పౌండు 9 డాలర్ల 75 సెంట్లు పడింది. ఇవి లెక్క చూపడానికి నేను వేసిన అంకెలు. మీ ఊళ్ళో ధర ఎంతున్నా లెక్కించే తీరు ఇదే. రైతు చెప్పిన 5 దాదాపు రెట్టింపై కూర్చుంది కదా అని ఆయన్ను అనడానికేమీ లేదు. ఆయన చెప్పింది పశువు ధర, మనకు వినపడింది మాంసం ధర.

మరి పౌండుకు పది డాలర్లకు దగ్గర పెట్టడం లాభమేనా? ఆ 117 పౌండ్లలో 40, 45 పౌండ్లు ఖీమాయే ఉంటుంది. ఖీమా కోసమే అయితే ఇది దండగ. స్టోర్లో సేల్ పెట్టినప్పుడు తెచ్చుకోవడం నయం. స్టీకుల కోసమే అయితే మీ పావులో రిబ్ ఐలు ఆరేడు, టీబోన్లు కూడా ఇంచుమించు అన్నే. వాటి కోసం మిగతా వంద పౌండ్లు మోసుకురావడం ఎందుకు? తోక నుంచి నాలుక దాకా అన్నీ వండుకునే ఇంటికి మాత్రమే ఈ బేరం గిడుతుంది. ఆ విషయంలో మన వంటిల్లే నయం. పక్కింటి అమెరికన్ భుజం మాంసాన్నీ పిక్కలనూ గ్రైండర్‌లో వేయించేస్తాడు. నిహారీ, దాల్చా, గోంగూర మాంసం తిని పెరిగినవాళ్ళు ముందు అడిగేది వాటినే. కాకపోతే ఆ సంగతి కోసేవాళ్ళకు ముందే చెప్పాలి. వాళ్ళకు చెప్పకపోతే మీ పావు కూడా పక్కింటాయన పావులాగే తయారై వస్తుంది.

బీఫ్ ముట్టనివాళ్ళు ఈ అధ్యాయాన్ని మేక లెక్కతో చదువుకోండి. ఫామ్‌కు వెళ్ళి మేకను కోయించుకురావడం అమెరికా తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. అక్కడా ఏ పౌండన్నదే ప్రశ్న, పైగా మేకలో వేలాడే బరువు బతికున్నప్పటి బరువులో సగానికి అటూ ఇటూగానే ఉంటుంది. ఇక బీఫ్ తినేవాళ్ళంటారా, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అలాగని ఫ్రీజర్ తలుపు మీద బోర్డు కట్టాల్సిన పనీ లేదు.

పశువు మీదైతే ఒక చట్టం, మాంసమైతే ఇంకొకటి

అమెరికాలో మాంసం అమ్మాలంటే దాని మీద తనిఖీ ముద్ర ఉండాలి. 1906లో వచ్చిన ఫెడరల్ మాంస తనిఖీ చట్టం పెట్టిన కట్టడి అది. షికాగో మాంసం కర్మాగారాల మీద అప్టన్ సింక్లెయిర్ రాసిన 'ది జంగిల్' పుస్తకంగా వచ్చిందీ ఆ ఏడాదే. రైతు మీకు రెండు పౌండ్ల ఖీమా విడిగా అమ్మాలన్నా ఆ పశువును యూఎస్‌డీఏ ఇన్‌స్పెక్టర్ ఉన్నచోటో, రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ ఉన్నచోటో కోయించాల్సిందే. పశువు మీదే అయితే సంగతి వేరు. మీ పశువును మీ ఇంటి వాడకానికి కోసిపెట్టే చిన్న ఊళ్ళ మీట్ లాకర్లకు, ప్రతి పశువు దగ్గరా ఇన్‌స్పెక్టర్ నిలబడనక్కర్లేదని మినహాయింపు ఉంది. కస్టమ్ ఎగ్జెంప్ట్ అంటారు.

అందుకే కోతకు ముందే ఆ పావు మీ పేరు మీదికి రావాలి. పశువు డబ్బు రైతుకు, కోత డబ్బు లాకర్‌కు వేర్వేరుగా కట్టించుకునేది చాలాచోట్ల ఇందుకే. పొట్లాల మీద 'నాట్ ఫర్ సేల్' అని ముద్ర కొట్టి ఇస్తారు. కంగారు పడొద్దు, తేలిగ్గానూ తీసుకోవద్దు. మీరు, మీ ఇంటివాళ్ళు, డబ్బివ్వకుండా మీ ఇంట్లో భోంచేసే చుట్టాలు తినొచ్చు. శనివారాలు బిర్యానీ పార్సిళ్ళు అమ్మే అలవాటుంటే ఈ మాంసం అందులో పడకూడదు. టికెట్ పెట్టిన పండగ భోజనాలకూ అంతే.

దారి కాస్త దూరమైనా సరే, తనిఖీ ఉన్న లాకర్ దొరికితే అక్కడికే పొమ్మంటాను. కోతకు ముందు పశువునూ, కోశాక కార్జాన్నీ గుండెనూ చూసి ఒప్పుకునే మనిషి ఒకరుంటారు. మనం లోపలి అవయవాలు వదలం కాబట్టి ఆ చూపు మనకు ఇంకా అవసరం.

అవయవాల మాట వచ్చింది కాబట్టి ఇప్పుడే చెప్పాలి. ఊళ్ళో దొరికినవన్నీ ఇక్కడ దొరకవు. ఊపిరితిత్తులను మనిషి తిండిగా అమ్మడం 1971 నుంచే ఆపేశారు. పిచ్చి ఆవు జబ్బు భయంతో, 30 నెలలు దాటిన పశువు మెదడు, వెన్నుపాము తీసి పారేయాలి. చిన్నపేగు చివరి భాగం ఏ వయసు పశువుదైనా సరే పోతుంది. బోటిలో పొట్ట భాగం మాత్రం దొరుకుతుంది, అదీ శుభ్రం చేసి ఇచ్చే ఓపిక లాకర్‌కు ఉంటే. చాలా లాకర్లు నేరుగా చెత్తలోకి పంపేస్తాయి. కోత రోజు ఫోన్ చేస్తే అప్పటికే ఆలస్యం. లాకర్‌లో కోతకు స్లాటు తీసుకునేటప్పుడే చెప్పి రాయించుకోవాలి. హలాల్ కావాలన్నా అప్పుడే. మతాచారం ప్రకారం కోసుకోవడానికి 1958 నాటి పశువధ చట్టమే వీలు కల్పించింది గానీ, చిన్న లాకర్ల దగ్గర అందుకు మనిషి, ఏర్పాటు ఉండాలి కదా. కొందరు మీ మనిషిని తెచ్చుకోమంటారు, కొందరు కుదరదంటారు.

స్లాట్ల గురించి ఒక్క మాట. దేశంలో దాణా మీద పెరిగే పశువుల్లో 85 శాతం దాకా నాలుగు పెద్ద కంపెనీల కర్మాగారాల్లోకే పోతాయి. మిగిలిన చిన్న లాకర్లు కొన్నే. 2020 వేసవి ముందు కోవిడ్‌తో ఆ పెద్ద కర్మాగారాలు మూతపడినప్పుడు జనమంతా రైతుల మీద పడ్డారు, చాలాచోట్ల లాకర్ తేదీ దొరకడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు అంత లేదు. కానీ ఆకురాలే కాలంలో వేటగాళ్ళు జింకలు తెచ్చి వరుస కడతారు, గడ్డి పశువులు కోతకొచ్చేదీ అప్పుడే. క్రిస్మస్ సెలవులకు ఇంట్లో మాంసం ఉండాలనుకుంటే వేసవిలోనే రైతుతో మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేయండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు, పశువు కోతకు ముందే చస్తే డబ్బు తిరిగిస్తారా, ఇంకో పశువు చూపిస్తారా అన్నది ఒక ఈమెయిల్‌లో రాయించుకుంటే చాలు. స్టాంపు పేపర్లు అక్కర్లేదు.

రైతు దగ్గర

రైతులు దొరకడం కష్టం కాదు. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో అడగండి, శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో పశువుల బొమ్మ ఉన్న టేబుల్ దగ్గర ఆగండి. ఫామ్‌కు ఓసారి రమ్మంటే వెళ్ళండి. రావద్దన్న రైతు దగ్గర నేనైతే కొనను.

అడగాల్సింది ముఖ్యంగా మేత గురించి. 'గ్రాస్ ఫెడ్' అన్న బోర్డు చూసి ఆగిపోవద్దు. పశువన్నది ఏదైనా కొంతకాలం గడ్డి తినే పెరుగుతుంది. "చివరి నాలుగైదు నెలలు ఏం పెట్టారు?" అనడగాలి. చివరిదాకా గడ్డే అయితే మాంసం ఎర్రగా, కొవ్వు తక్కువగా, రుచి గాఢంగా ఉంటుంది, పశువుకు రెండేళ్ళు దాటే కోస్తారు. చివర్లో మొక్కజొన్న పెట్టిందైతే కొవ్వు కండలోకి దిగి మెత్తగా ఉంటుంది, కోత ముందే వస్తుంది. ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంటికి రెండూ ఒకటే. గ్రిల్ మీద స్టీకు కాల్చుకునే సరదా ఉంటే దాణా పెట్టిందే తీసుకోండి.

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళను ఓ విషయం భయపెడుతుంది. గడ్డి పశువు పొట్లం విప్పితే కొవ్వు పచ్చగా, పసుపు కలిపిన వెన్నలా ఉంటుంది. ముసలిదనో, పాడైందనో అనుకుంటారు. మన దగ్గర బీఫ్ పేరుతో దొరికేది చాలావరకు గేదె, దున్నపోతు మాంసం, దాని కొవ్వు తెల్లగా ఉంటుంది. గడ్డిలోని కెరోటిన్‌ను గేదె ఒళ్ళు విటమిన్‌గా మార్చేసుకుంటుంది, ఆవు కొంత కొవ్వులోనే దాచుకుంటుంది. ఆవు నెయ్యి పచ్చగా, గేదె నెయ్యి తెల్లగా ఉండేదీ ఇందుకే. కాబట్టి ఆ పసుపు, రైతు మేత గురించి నిజం చెప్పాడనడానికి గుర్తు.

టెక్సాస్, ఫ్లోరిడా వైపు కొంటే మంద వైపు ఒకసారి చూడండి. మూపురం ఉన్నవి కనబడతాయి. అవి బ్రాహ్మన్ జాతి, లేదా దాన్ని ఆంగస్‌తో కలిపిన బ్రాంగస్. ఎండకూ గోమార్లకూ తట్టుకునే పశువు కావాలని అమెరికన్లు మన గిర్, గుజరాతీ, కృష్ణా వ్యాలీ జాతులతో పాటు ఒంగోలు రక్తాన్నీ కలిపి తయారుచేసుకున్న జాతి అది. 1924లోనే దానికో సంఘం కూడా పెట్టుకున్నారు. బ్రెజిల్‌లోనైతే ఒంగోలు పశువును నెల్లూరు పేరుతో నెలోరే అంటారు, అక్కడి మాంసం పరిశ్రమ దాని మీదే నిలబడింది. ప్రకాశం జిల్లా మనిషి హ్యూస్టన్ శివార్లలో ఆ మూపురం చూసి ఏమనుకోవాలో నేను చెప్పలేను. మాంసం విషయం మాత్రం చెప్పగలను: కండను మెత్తబరిచే ఎంజైములను అడ్డుకునే గుణం వీటిలో ఎక్కువ, అందుకే స్టీకు కాస్త గట్టిగా వస్తుంది. కూరకు అది లోటే కాదు. స్టీకులు ముఖ్యమనుకుంటే లాకర్‌లో రెండు వారాలకు తగ్గకుండా వేలాడదీయమనండి. చిన్న లాకర్లు మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచుతాయి.

కట్ షీట్

కోత అయిన రోజో మర్నాడో లాకర్ నుంచి ఫోన్ వస్తుంది. లేదా ఒక కాగితం పంపుతారు. ఏ భాగాన్ని ఎలా కోయాలి, ఎంత మందం, పొట్లానికి ఎన్ని, ఖీమా పౌండు పొట్లాలా రెండు పౌండ్లవా అని గళ్ళుంటాయి. దీన్ని కట్ షీట్ అంటారు. మీ డబ్బు గిట్టేదీ గిట్టనిదీ ఈ కాగితం దగ్గరే తేలిపోతుంది. ఖాళీ వదిలిన ప్రతి గడీ గ్రైండర్‌లోకి పోతుంది. "మామూలుగా చేసేయండి" అంటే అమెరికన్‌కు మామూలైనట్టు చేసేస్తారు: పిక్కలు ఖీమా, మెడ ఖీమా, ఎముకలు చెత్త, తోక ఏమైందో ఎవరికీ తెలియదు.

మొదటిసారి కొనేవాళ్ళ నుంచి నేను తరచూ వినే మాట ఒకటుంది. "అక్కా, మాకు స్టీకులూ గీకులూ తెలియవు, మొత్తం కూర ముక్కలే కొట్టించమను." వద్దు తల్లీ. రిబ్ ఐని గంటసేపు ఉడికిస్తే ఉన్న రుచి పోయి పీచు మిగులుతుంది. ఆ కండ పశువు పెద్దగా వాడనిది, అందుకే మెత్తన, అందుకే పులుసుకు పనికిరాదు. వాటిని ముప్పావు అంగుళం మందంతో కోయించి ఉంచుకోండి. అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, ఉప్పు పట్టించి ఇనప పెనం మీద పెద్ద మంటతో వేయిస్తే పది నిమిషాల పని. ఆదివారం అనుకోకుండా చుట్టాలొస్తే ఇవే ఆదుకుంటాయి.

కూర ముక్కలుండేది ముందు భాగంలో. భుజం, మెడ కలిపి చక్ అంటారు. పశువు రోజంతా వాడే కండలు కాబట్టి మధ్యమధ్య తెల్లటి పొరలుంటాయి. సన్నని సెగ మీద గంటన్నర, రెండు గంటలు మగ్గితే ఆ పొరలు కరిగి పులుసు చిక్కబడుతుంది. గోంగూర, చింతచిగురు లాంటి పులుపు వేసే కూరలకు ఇదే సరైన మాంసం. లాకర్‌లో 'స్టూ మీట్' అని అడిగితే తొడ మాంసం, భుజం మాంసం కలిపేసి ముక్కలు కొట్టిస్తారు, కొన్ని ఉడికేసరికి కొన్ని ఎండిపోతాయి. చక్‌ను మూడేసి పౌండ్ల రోస్టులుగా ఉంచమని చెప్పి, ఇంట్లోనే కోసుకోండి. రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించితే మర్నాడు సాయంత్రానికి బయట మెత్తబడి నడిమధ్య ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఆ స్థితిలో కత్తి జారదు, ముక్క నలగదు, చింతపిక్కంత కావాలన్నా కోడిగుడ్డంత కావాలన్నా అచ్చు పోసినట్టు వస్తుంది. పూర్తిగా కరిగాక కోస్తే అదే మాంసం చేతిలో జారి తోలులా సాగుతుంది.

ఎముకతో ముక్కలు కావాలంటే లాకర్‌లో కొంచెం బతిమాలాలి. వాళ్ళ రంపం చక్‌రోస్టులు కోయడానికి అలవాటు పడింది, మన కొట్లో కత్తి మొద్దు మీద కొట్టినట్టు కొట్టదు. వేరే దారి ఉంది. పక్కటెముకలను షార్ట్ రిబ్స్‌గా, పిక్కలను ఎముకతోనే అడ్డంగా రెండంగుళాల మందం కోయమనండి. ఈ రెండూ వాళ్ళకు తెలిసిన కోతలే, అడిగితే కాదనరు. పిక్క ముక్క నడుమ మూలుగ గుండ్రంగా నిలబడి ఉంటుంది. నిహారీకి ఇంతకన్నా ఏం కావాలి? మిగతా తొడ ఎముకలను సూప్ బోన్స్ అని రాయించండి. నల్లి పగిలేలా నిలువున చీల్చమని అడగొచ్చు.

ఛాతీ మాంసం, బ్రిస్కెట్, ఒక్కటే ముక్కగా అడక్కండి. అది పొగపెట్టే టెక్సాస్ వాళ్ళ సరదా. నాలుగు ముక్కలు చేయిస్తే ఒక్కొక్కటి సొరకాయ, శనగపప్పు వేసి వండే దాల్చాకు సరిపోతుంది.

ఇక వెనక తొడ, రౌండ్. కొవ్వు లేదు, పొరలు లేవు, కూరకు ఎండిపోతుంది. అమెరికన్ ఇళ్ళలోనూ అందరూ వద్దనుకునే భాగం ఇదే. పల్చగా కోయించుకుంటే పసందెలకు బాగుంటుంది. తెలంగాణ పల్లెల్లో తునకలు తిని పెరిగినవాళ్ళకు మాత్రం ఇదే బంగారం. ఎండబెట్టే మాంసంలో కొవ్వుంటే కనరు వాసన పట్టేస్తుంది, రౌండ్‌లో ఆ బాధ లేదు. అయితే డాబా మీద దండెం కట్టి ఎండబెట్టడం ఇక్కడ కుదరదు, ఎండా చాలదు, పొరుగువాళ్ళూ ఊరుకోరు. పొడుగు తునకలు కోసి ఉప్పు, పసుపు పట్టించి, ముందు ఓవెన్‌లో లోపలి వేడి 160 డిగ్రీల ఫారన్‌హీట్ అయ్యేదాకా ఉంచి, ఆ తర్వాతే డీహైడ్రేటర్‌లో ఆరబెట్టండి. ముందు వేడి, తర్వాత ఆరబెట్టడం అన్న ఈ వరుస యూఎస్‌డీఏ చెప్పేదే. ఆరిన మాంసంలో సూక్ష్మజీవులు వేడికి అంత తేలిగ్గా చావవు.

ఖీమా గురించి అడిగినప్పుడు కొవ్వు తక్కువ వేయమనండి, షమ్మీ కబాబ్ పెనం మీద విడిపోదు. పౌండు పొట్లాలే చాలు. తోక, నాలుక, కార్జం, గుండె, గుర్దాలు, కొవ్వు గడ్డ: ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పి, అవతలివాళ్ళు రాసుకున్నారో లేదో తిరిగి చదివించుకోండి. ఎముకలు, అవయవాలు అడిగినకొద్దీ ఇంటికొచ్చే బరువు పెరుగుతుంది, పౌండు ధర దిగుతుంది. అన్నీ ఎముక తీయించి, కొవ్వంతా చెక్కించుకున్న ఇంటికి అదే 180 పౌండ్ల నుంచి వంద లోపే రావచ్చు. అప్పుడదే 1,141 డాలర్లకు పౌండు పదకొండున్నర పడినట్టు.

చుట్టడానికి వాక్యూమ్ ప్యాకింగ్ అడగండి. పౌండుకు కొన్ని సెంట్లు ఎక్కువైనా, కాగితంలో చుట్టినదానికంటే ఎక్కువకాలం ఎండిపోకుండా ఉంటుంది. లోపల ఏముందో కనిపిస్తుంది కూడా.

ఫ్రీజర్

35, 40 పౌండ్ల మాంసానికి ఒక ఘనపుటడుగు చోటు కావాలి. పావు పశువుకు మూడున్నర చాలు అనుకుంటాం గానీ, పొట్లాలు ఇటుకల్లా పేరవు, పైగా ఇంట్లో కందులు, కరివేపాకు, కొబ్బరి తురుము ఉండనే ఉంటాయి. అయిదు నుంచి ఏడు ఘనపుటడుగుల చెస్ట్ ఫ్రీజర్ కొనండి. మాంసం తెచ్చిన రోజు కాదు, రెండు రోజుల ముందే ఆన్ చేసి పెట్టండి. సున్నా ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ చేరిందో లేదో పది డాలర్ల థర్మామీటర్ పెట్టి చూడండి. గరాజ్‌లో పెట్టేట్టయితే చలికాలపు చలికి తట్టుకునే రకమని డబ్బా మీద రాసుందేమో చూడాలి.

ఆ చల్లదనంలో ఉన్నంతకాలం మాంసం చెడిపోదు, రుచే తగ్గుతుంది. ఖీమా మూడు నాలుగు నెలల్లో, స్టీకులు, రోస్టులు ఏడాది లోపు తినేస్తే మంచిది. కార్జం మొదట తినండి. అడుగున ఏముందో తెలియక కొన్నదే మళ్ళీ కొనే ఇళ్ళు చాలా చూశాను. మూత మీద ఒక కాగితం అంటించి, తీసినప్పుడల్లా ఒక గీత కొట్టేయండి. కరెంటు పోతే మూత తెరవొద్దు. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు నిలబడుతుంది, సగమే ఉన్నది 24 గంటలు. కరిగించేది ఎప్పుడూ ఫ్రిజ్ కింది అరలోనే, సింక్ గట్టు మీద కాదు. అయిదు పౌండ్ల ముక్కకు ఒక రోజు పడుతుంది.

నలుగురు కలిస్తే

ముగ్గురో నలుగురో కలిసి ఒక సగం తెచ్చుకుంటే లాకర్ వాళ్ళకూ సులువు, ధరా కొంచెం తగ్గుతుంది. కానీ లాకర్ వాళ్ళను నాలుగు కట్ షీట్లు అడగొద్దు. ఒక్క షీటే ఇచ్చి, పొట్లాలన్నీ ఒకరి ఇంటికి తెచ్చి పంచుకోండి. దసరాకు యాటను కోసి పోగులు పెట్టడం చూసినవాళ్ళు మీలో ఒకరైనా ఉంటారు, ఆ పని వాళ్ళకు అప్పగించండి. ప్రతి పోగులోనూ కాస్త కార్జం, కాస్త ఎముక, కాస్త కొవ్వు, కాస్త మెత్తటి కండ పడాలి. బరువు తూచి సమానం చేస్తే సరిపోదు, పది పౌండ్ల ఖీమా పది పౌండ్ల రిబ్ ఐకి సాటి రాదు. ముందు స్టీకులన్నీ లెక్కపెట్టి పంచండి, తర్వాత పిక్కలు, పక్కటెముకలు, ఆ తర్వాత రోస్టులు. ఖీమా చివర, హెచ్చుతగ్గులు సరిదిద్దడానికి. గ్లౌజులు వేసుకుని త్వరగా చేయండి, అరగంట దాటితే పొట్లాల అంచులు కరగడం మొదలవుతుంది. ప్రతి ఇంటివాళ్ళూ కూలర్లు ముందే గుమ్మంలో తెరిచి పెట్టుకోవాలి, టీ తాగడం పంపకం అయ్యాకే.

డబ్బు లెక్క రాసేవాళ్ళు, పోగులు వేసేవాళ్ళు ఒకరే కాకుండా చూసుకోండి. పోగులు వేసినవాళ్ళు ఆఖరున తీసుకోవాలి. పంచలేనివి ఎలాగూ మిగులుతాయి. నాలుకను కోసి పంచితే ఎవరికీ కూరకు చాలదు, తోక ఎవరికి చాలినా ఒక్కరికే చాలుతుంది. వాటికి చీటీలు వేయండి. తోక వచ్చినవాళ్ళు ఈసారికి నాలుక చీటీలో ఉండరు, వచ్చే ఏడు ఇద్దరి పేర్లూ పక్కన పెట్టి మిగతావాళ్ళకే వేస్తారు. ఎవరికి ఏమొచ్చిందో వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి, ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.